కోశానికి పంపిన మంచి ముక్క

శుద్ధ తదియ

ఈ చిట్టా నా ఇష్టంతో రాస్తున్నది కాదు. ప్రతి లాకు మేస్త్రీ ఏ రోజు పని ఆ రోజు రాసి పెట్టాలని లాకుల బోర్డు వాళ్లు కొత్త రూలు పెట్టారు. రాయకపోతే కర్ర ఇవ్వరట. నలభై ఏళ్లుగా పని చేసి చూపిస్తున్నాను, రాసి చూపించమని ఎవరూ అడగలేదు. సరే, రాస్తాను. చదివినవాళ్లకి ఒళ్లు మండితే మండనీ.

నాలుగో లాకు. మేస్త్రీ మాణిక్యాంబ, వయసు అరవై ఒకటి. పాత తలుపు అడుగుభాగాన్ని ఉప్పునీటి పురుగు తినేసింది. వేలు పెట్టి నొక్కితే సగం వేలు లోపలికి పోతోంది. పున్నమి పోటు రాకముందే కొత్త తలుపు ఎక్కించాలి. తలుపుకి అవతల సముద్రం, ఇవతల పల్లపు వీధి. ఆ వీధిలో నూట నలభై ఇళ్లు. మా నాన్న చిన్నతనంలో ఇక్కడికి ఇనప తలుపులు వచ్చేవట. ఇప్పుడు ఇనుమంతా ఎగువ పట్నాల గోడలకే సరిపోతోంది. మాకు మేకులు కూడా గుప్పెడు గుప్పెడుగా ఇస్తారు.

ఇంజనీరు హేమాద్రి పడవలో వచ్చి గీసిన కాగితం ఇచ్చి వెళ్లాడు. పోటు బరువంతా మోసేది నడిమి దూలం. దాని మందం ఎనిమిది అంగుళాలని రాసుంది. పన్నెండు ఉండాలన్నాను. కలపకోశం ప్రకారం ఎనిమిది చాలన్నాడు. కోశంలో రాసున్నాక ఇక మాణిక్యాంబ మాటకి విలువేముంది?

కలపకోశం అంటే షెడ్డు గోడకి బిగించిన పెట్టె. ఏ కర్ర పేరు చెప్పినా దాని బరువెంత, తేమ ఎంత ఉండాలి, ఆరితే ఎంత ముడుచుకుంటుంది, ఎంత బరువుకి విరుగుతుంది, అన్నీ చెబుతుంది. పందొమ్మిదేళ్ల కిందట తీరమంతా అన్ని లాకుల్లో పెట్టారు. పూర్తిగా ఉచితం. ఆ ఉచితం వల్లే వచ్చాయి నా తిప్పలన్నీ. బడిపంతులు వచ్చి చిత్రిక ఏ వాలులో పట్టాలో నాకు చెబుతాడు. వలలు అల్లేవాడు వచ్చి, టేకు ఇంకో నెల ఆరాలట కదా మేస్త్రమ్మా అంటాడు. అంత తెలిసినవాడివి నువ్వే పట్టరా బాడిత అంటే, పనుందని జారుకుంటాడు.

శుద్ధ పంచమి

దుంగలు వచ్చాయి. తొమ్మిదేళ్ల టేకు. నర్సరీ వాళ్లు ఏదో మందు పెట్టి, అరవై ఏళ్లకి ఎదగాల్సిన చెట్టుని తొమ్మిదేళ్లకే లావు చేసి పంపుతారు. కోసి చూస్తే నడుమ రెండు వేళ్ల మేర గట్టి చేవ ఉంది, చుట్టూ అంతా మెత్తటి తెల్లచెక్క. మూరకో ముడి. ఇంత పెద్ద దుంగలో చేవ ఉన్న నున్నటి ముక్క కావాలంటే వెతుక్కోవాలి.

రంపం పనికి నాకు తోడు సింహాచలం. ఇరవై రెండేళ్లుగా ఆ చివర అతను, ఈ చివర నేను. పల్లపు వీధిలో మొదటి ఇల్లు అతనిదే, తలుపుకి నలభై అడుగుల దూరంలో ఉంటుంది. మాట తక్కువ మనిషి. ఇవాళ మాత్రం పలక మీద కాలు వేసి నొక్కి చూసి, "దీని మీద నిలబడ్డానికే బయమేత్తందండి మేస్త్రమ్మా, ఇది సముద్రాన్నేం ఆపుద్ది?" అన్నాడు.

దూలాన్ని బాడితతో చెక్కడం మొదలుపెట్టాను. ఈ బాడిత తొమ్మిదో లాకు కన్నయ్యాచారిది. అతను మా నాన్న దగ్గరే పని నేర్చుకున్నాడు. నాలుగేళ్ల కిందట అతను చేసిన తలుపు పోటుకి విరిగింది. పదకొండు మంది పోయారు. విచారణకి బోర్డు ముగ్గురు మేస్త్రీలను కూర్చోబెట్టింది, వాళ్లలో నేనొకదాన్ని. దూలం సముద్రంలో కొట్టుకుపోయింది కనక గోడకి మిగిలిన అతుకులు చూసి, అతుకు వదులుగా ఉందని తేల్చింది నేనే. కోశంలో ఉన్నట్టే చేశానండి అని అతను మొత్తుకున్నాడు. పెట్టె చెప్పిందని చేసేవాడు మేస్త్రీ ఎలా అవుతాడని అందరి ముందూ అడిగాను. అతన్ని పనిలోంచి తీసేసి, పనిముట్లు లాక్కుని మా ముగ్గురికీ తలా ఒకటి పంచారు. బాడిత నాకొచ్చింది. మంచి బాడితే, ఇన్నాళ్లూ చెడ్డ చేతిలో ఉంది అనుకున్నాను.

సాయంత్రం వెళ్లే ముందు పెట్టెని అడిగాను. తొమ్మిదేళ్ల టేకు, అంగుళం మందం కర్ర, తొంభై నాలుగు కిలోలకి విరుగుతుంది, అరవై ఒక్క మంది మేస్త్రీలు పరీక్ష చేసి పంపారు అంది. ఈ కర్రకి అంత సత్తా లేదన్నాను. అయితే మీరూ పరీక్ష చేసి పంపండి, మీ అంకె కూడా కలుపుతాం అంది. నా వయసులో గోడ పెట్టెకి పరీక్ష రాయాలట. దాని మీద గోనెపట్టా కప్పేసి ఇంటికి వచ్చాను.

శుద్ధ షష్ఠి

బోర్డు ఆఫీసుకి పడవలో వెళ్లి హేమాద్రితో పోట్లాడాను. అరిచింది నేను, విన్నది అతను. అలా నిమ్మళంగా వినేవాళ్లంటే నాకు ఇంకా మంట.

అంతా అయ్యాక అతను లేచి గోడకున్న పటం చూపించాడు. ఎనిమిదేళ్లుగా నర్సరీ నుంచి వచ్చే దుంగలు తగ్గిపోతున్నాయట. అందుకే అయిదేళ్ల కిందట దూలాల మందం పన్నెండు నుంచి ఎనిమిదికి దించారట. నా తలుపుకి పన్నెండు అంగుళాల దూలం వేస్తే ఆరో లాకుకి అసలు తలుపే రాదు. అక్కడ రెండు వందల ఇళ్లున్నాయి.

"మీ చెయ్యి చెప్పిందంటే నేను నమ్ముతాను మాణిక్యాంబ గారూ. కానీ ఆరో లాకు వాళ్లకి మీ చెయ్యి చూపించి ఏం చెప్పను? నాకు అంకె కావాలి. అంకె తెండి, నేను రేపే మందం మారుస్తాను," అన్నాడు.

మీ ఆఫీసు కుర్చీలు కూడా ఈ టేకుతోనే చేయించుకోండి, నడుములు విరిగితే అప్పుడు తెలుస్తుంది అని చెప్పి వచ్చేశాను. ఆ మాట ఎవరికీ ఉపయోగం లేదని పడవ సగం దూరం వచ్చాక నాకే అనిపించింది.

శుద్ధ అష్టమి

నిన్న ఏమీ రాయలేదు. ఒళ్లంతా కోపంగా ఉండి రాయలేదు. బోర్డు వాళ్లు ఇది కూడా రాసుకోవచ్చు.

ఇవాళ పరీక్షకి దిగాను. పెట్టె పరువు తీయాలనే దిగాను, దాచడం ఎందుకు? రెండు దిమ్మలు పెట్టి, వాటి మీద అంగుళం మందం కర్ర అడ్డంగా వేసి, నడిమిన తొట్టి కట్టి, తొట్టిలోకి తూచిన ఇసుక పోస్తూ పోవాలి. కర్ర ఎప్పుడు విరిగితే అప్పటి బరువు రాసుకోవాలి. కోసిన పలకల కుప్పలోంచి ఒక ముక్క తీసి, చిత్రిక పట్టి, కొలిచి, దిమ్మల మీద పెట్టాను. యాభై, అరవై, డెబ్బై, ఎనభై. కర్ర వంగుతోంది తప్ప విరగడం లేదు. తొంభై మూడుకి ఠపీమని విరిగింది.

నా మొహం ఎలా ఉందో నాకే తెలుసు. పెట్టె చెప్పింది నిజం. నలభై ఏళ్ల నా చెయ్యి అబద్ధం. దిమ్మని కాలితో తన్నాను, కాలి వేలు వాచింది.

సింహాచలం విరిగిన ముక్క తీసి ఎండలో పట్టి చూశాడు. ఆ తరవాత నెమ్మదిగా, "ఇది కుప్పలో ఎక్కడ దొరికిందండి?" అని అడిగాడు.

అడుగున దొరికిందన్నాను. నాలుగు వరసలు ఎత్తి తీశానన్నాను.

"ముడి లేదు. తెల్లచెక్క లేదు. అంతా గట్టి సేవే. తలుపుకేత్తన్నది ఇది కాదు గదండి," అన్నాడు.

కుప్ప దగ్గరికి వెళ్లి, చూడకుండా పైనున్న పలక ఒకటి లాగాడు. నడిమిన ముడి, ఒక పక్కంతా తెల్లచెక్క. దాన్నే కోసి దిమ్మల మీద పెట్టాడు. యాభై ఒకటికి విరిగింది. ఇంకొకటి తీశాడు. యాభై ఆరు. మరొకటి నలభై ఎనిమిది. సాయంత్రానికి ఇరవై విరిచాం. సగటు యాభై రెండు.

నేను మంచి ముక్క తియ్యాలని అనుకోలేదు. పరువు తీయడానికి వచ్చినదాన్ని, నాకు చెడ్డ ముక్కే కావాలి కదా. అయినా నా చెయ్యి నాలుగు వరసలు ఎత్తి మరీ మంచిదాన్నే పట్టుకుంది. పరీక్షకి ముక్క అనగానే అలా పోయింది. మా నాన్న దగ్గర పని నేర్చిన వాళ్లందరికీ అదే అలవాటు. మన పేరు మీద చెడ్డ చెక్క గుమ్మం దాటకూడదు అనేవాడు ఆయన. ఒకసారి ముడి ఉన్న పీట పంపినందుకు నన్ను మూడు రోజులు షెడ్డులోకి రానివ్వలేదు. తీరమంతా మేస్త్రీల ఇళ్లలో ఇదే పద్ధతి. అరవై ఒక్క మందీ అరవై ఒక్క మంచి ముక్కలు వెతికి పంపారు. వాటి సగటు తీసి, దానితో ముడుల దూలాలకి మందం లెక్క కట్టారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

శుద్ధ దశమి

ఈ అంకెకి మొదలు ఎవడో కనుక్కుని నాలుగు దులుపుదామనుకున్నాను. మొదటి అంకె ఎంత వస్తే తరవాతవాళ్లు అంతకి తగ్గకుండా చూసుకుంటారు. తగ్గితే వాడి షెడ్డులో కర్ర మంచిది కాదని నలుగురూ అనుకుంటారు కదా. గోనెపట్టా తీసి, పరీక్షలు పంపినవాళ్ల పేర్లు వరసగా చదవమన్నాను.

"ఒకటి. మాణిక్యాంబ, నాలుగో లాకు. తొంభై అయిదు కిలోలు."

మళ్లీ చదవమన్నాను. మళ్లీ అదే చదివింది.

అప్పుడు గుర్తొచ్చింది. పెట్టె పెట్టిన ఏడాదే తొమ్మిదేళ్ల టేకు కొత్తగా వచ్చింది. ప్రతి లాకు నుంచీ పరీక్ష పంపమని కబురు పెట్టారు. నాలుగో లాకు పేరు అన్నిటికన్నా ముందుండాలని మూడు రోజులు కుప్పలు కుప్పలు తిరగేసి ఒక ముక్క ఏరాను. నాన్న చూసి మెచ్చుకున్నాడు. అంకె పంపి మరిచిపోయాను. ఆ పెట్టెని పందొమ్మిదేళ్లుగా నోటికొచ్చినట్టు తిడుతూనే ఉన్నాను. అది ఇన్నేళ్లుగా చెబుతున్నది నా మాటే.

పన్నెండో పేరు కన్నయ్యాచారిది. తొంభై నాలుగు. ఎనిమిది అంగుళాల దూలం మొట్టమొదట వేసిన తలుపు అతనిదే. అతుకు వదులు కాదు. దూలం విరిగి పక్కకి లాగితే ఏ అతుకైనా అలాగే వదులవుతుంది. పని నేర్చుకుంటున్న వాడికి కూడా తెలిసే విషయం అది. ఆ రోజు నేను చూడాలనుకోలేదు.

అన్నం తినలేదు. సింహాచలం రెండుసార్లు పిలిచి ఊరుకున్నాడు.

శుద్ధ ఏకాదశి

విరిగిన ఇరవై ముక్కలూ గోనెలో వేసుకుని బోర్డు ఆఫీసుకి పోయి హేమాద్రి బల్ల మీద కుమ్మరించాను. యాభై రెండు, ఇదిగో నువ్వడిగిన అంకె అన్నాను. తప్పు అంకెకి మొదలు నేనే అన్నాను. తొమ్మిదో లాకు సంగతి కూడా చెప్పాను.

అతను ఒక్కొక్క ముక్కా తీసి కొలిచి రాసుకున్నాడు. తరవాత అసలు సంగతి చెప్పాడు. నా యాభై రెండు కోశంలో కలిపినా అరవై ఒక్క మంచి ముక్కల మధ్య అది కనపడనే కనపడదు. సగటు ఒక్క కిలో కూడా తగ్గదు. అరవై ఒక్క మందీ చూడకుండా తీసిన ముక్కలతో మళ్లీ పంపాలి. ఊరికే అడిగితే ఎవరూ పంపరు, మా కర్ర మంచిదే అంటారు.

"మొదటి పేరు మీది. మీరే తప్పని మీ పేరుతో రాస్తే మిగతావాళ్లు కదులుతారు. రాస్తే అది ఎప్పటికీ ఉంటుంది, చెరపడానికి నాకూ వీలు కాదు," అన్నాడు.

రాశాను. 'తొంభై అయిదు ఏరిన ముక్క అంకె. అసలు కర్ర యాభై రెండు. మాణిక్యాంబ.' రాసి గంట కాకముందే రెండో లాకు నుంచి ఒకడు, ముసలిదానికి మతి పోయిందని కబురు పంపాడు. పదకొండో లాకు వాడు నాన్న పేరెత్తి తిట్టాడట. తిట్టనీ. వాడిది ఆ జాబితాలో తొంభై ఆరు.

శుద్ధ చతుర్దశి

రెండు రోజులు రాయడానికి తీరిక లేదు, ఎనిమిది అంగుళాల దూలంతోనే కొత్త తలుపు ఎక్కించాం. ఎనిమిది అంగుళాల దూలాల తలుపులు తీరంలో ఇప్పటికి ఏడున్నాయి. మాదీ ఆరో లాకుదీ కలిపితే తొమ్మిది. పన్నెండుకి మార్చడానికి కర్ర లేదు, వ్యవధీ లేదు. అందుకని తాటి దుంగలు. వాటికి చిత్రిక పట్టలేం, అందంగా ఉండవు, కోశంలో వాటి మాట పెద్దగా లేదు. చేవ తాటిని గొడ్డలితో కొట్టి చూసినవాళ్లకి వేరే పుస్తకం అక్కర్లేదు. దూలం వెనక ఏటవాలుగా ఆరేసి తాటి దుంగలు ఊతం పెట్టించాం. హేమాద్రి ఏడు లాకులకీ కబురు పంపి, తనే ఒంటి మీద బురదతో ఆరో లాకు దగ్గర నిలబడ్డాడు. అతన్ని మెచ్చుకుంటున్నానని ఎవరూ అనుకోవద్దు, ఉన్నది రాస్తున్నాను.

పల్లపు వీధి వాళ్లని గట్టు మీదకి ఎక్కమంటే నా మీద విరుచుకుపడ్డారు. కొత్త తలుపు చేసి, దాన్ని నమ్మొద్దని నువ్వే చెబుతావా అని ఒకావిడ నిలదీసింది. అవును, నేనే చెబుతున్నాను, మంచం ఎత్తుకో అన్నాను. సింహాచలం ముందు తన సామాను ఎత్తాడు, అది చూసి మిగతావాళ్లు కదిలారు.

పున్నమి

పొద్దున తొమ్మిదికి పోటు నిండింది. నీళ్లు తలుపు పై అంచుకి జానెడు కిందకి వచ్చాయి. తొమ్మిదిన్నరకి నడిమి దూలం సరిగ్గా ముడి ఉన్నచోట విరిగింది. ఆ చప్పుడు గట్టు మీద అందరికీ వినిపించింది. తలుపు వెనక్కి వాలి తాటి దుంగల మీద ఆగింది. సందుల్లోంచి నీళ్లు తన్నుకొచ్చి సింహాచలం ఇంట్లో మోకాలి లోతు నిలిచాయి. పదకొండున్నరకి పోటు తీసింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. ఆరో లాకులో కూడా దూలం పగిలింది, అక్కడా ఊతాలు ఆపాయి.

గట్టు దిగి వస్తున్నవాళ్లు నన్ను చూసి నమస్కారం పెట్టారు. నిన్న తిట్టినావిడ కూడా పెట్టింది. నేను వాళ్ల వైపు చూడకుండా విరిగిన దూలం దగ్గరికి పోయాను.

బహుళ విదియ

బాడిత పట్టుకుని తొమ్మిదో లాకుకి వెళ్లాను. కన్నయ్యాచారి గట్టు మీద పాకలో ఉంటున్నాడు. ఈతబెత్తులతో రొయ్యల బుట్టలు అల్లుతున్నాడు. నన్ను చూసి లేవలేదు. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. మంచి ముక్క సంగతి, తొంభై అయిదు సంగతి, అతుకు వదులు కాదన్న సంగతి. బోర్డు అతన్ని మళ్లీ పనిలోకి తీసుకుంటుందని హేమాద్రి రాసిచ్చిన కాగితం ఇచ్చాను. తప్పు నాదే, కన్నయ్యా అన్నాను. ఈ మాట పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ అనలేదు.

అతను కాగితం చదవలేదు. బాడిత అందుకుని అంచు మీద బొటనవేలు ఆడించాడు.

"పదును మార్చేశారు. ఇది నా సేతి వాలు కాదు," అన్నాడు.

మళ్లీ నీ వాలుకి సాన పట్టించి ఇస్తానన్నాను. అక్కర్లేదన్నాడు. సగం అల్లిన బుట్టని దగ్గరికి లాక్కున్నాడు.

"నేనూ ఏరిన ముక్కే పంపానండి అక్కగారూ. మన నాన్నగారు నేర్పిందే. అదేం తప్పు కాదులెండి. తొంభై నాలుగు తీసేసి యాభై రెండు రాశారు, బాగానే ఉంది. ఆ పదకొండు మందినీ ఏ అంకెలో కలుపుతారు?"

అతను బాడితని బుట్టల పక్కన పెట్టుకుని అల్లిక మొదలుపెట్టాడు. నేను వచ్చేశాను.

షెడ్డుకి వచ్చి పెట్టె ముందు కూర్చున్నాను. ప్రతి కర్ర పేరు కింద వ్యాఖ్య రాసుకోవడానికి చోటు ఉంటుంది. దాన్ని ఎవరూ వాడరు. తొమ్మిదేళ్ల టేకు కింద రాశాను: 'ఈ కర్రకి తొంభై అయిదు అని మొదట రాసింది నేను. ఆ అంకె నమ్మి కన్నయ్యాచారి తలుపు చేశాడు. తలుపు విరిగి పదకొండు మంది చనిపోయారు. తప్పు అతని మీద వేసింది కూడా నేనే.' వాళ్ల పేర్లు విచారణ కాగితంలో ఉన్నాయి, పదకొండూ రాశాను. నాలుగేళ్ల పిల్ల పేరు రాసేటప్పుడు ఆగాల్సి వచ్చింది.

ఈ వ్యాఖ్య కర్ర గురించి కాదు, టేకు అని అడిగిన ప్రతివారికీ కనపడుతుంది, ఉంచాలా తీసెయ్యాలా అని పెట్టె అడిగింది.

ఉంచమన్నాను.